ఇన్‌ఛార్జి గుర్రం

దబ్బపాడు బడికి దారి ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. రావికోనలో తారురోడ్డు ఆగిపోయిన చోట ఒక కాలిబాట మొదలై, వాగు దాటి, వెదురు కొమ్మల కింద దూరి, నున్నటి బండ మీదుగా పాకి, ఎలాగో కొండ మీది ఊరికి చేరుతుంది. ఆ ఊళ్ళో ఒకటే గది బడి. దానికి ఒకే టీచరు, వరహాలమ్మ.

కాపురం రావికోనలో, ఉద్యోగం కొండమీద. మోకాళ్ళు మొదటి ఏడాదే మొరాయించాయి. అప్పుడు ఆమె భర్త గౌరునాయుడు సంతకు వెళ్ళి ఒక తట్టుగుర్రాన్ని కొని తెచ్చాడు. నుదుట తెల్లటి మచ్చ ఉందని దానికి గవ్వ అని పేరు పెట్టారు. గౌరునాయుడు ఆర్టీసీలో కండక్టరు, మంచివాడు, పొట్టివాడు. భార్య పక్కన నిలబడితే ఆమె చెవి దాకా వస్తాడు. గవ్వను ఇంటికి తెచ్చిన రోజున అతని తల్లి అచ్చియ్యమ్మ దాన్నీ కొడుకునూ మార్చి మార్చి చూసి, తనకు తగ్గ ఎత్తు చూసుకుని కొన్నాడని వీధంతా వినేలా అంది. అతను నవ్వేసి గవ్వకు ఉలవలు నానబెట్టాడు.

గవ్వ మీద వెళ్ళడాన్ని స్వారీ అంటారని వరహాలమ్మకు ఆరేళ్ళపాటు తెలియదు. చీర కింద భర్త పాత ఖాకీ ప్యాంటు తొడుక్కునేది. అది ఆమెకు పిక్కల దాకానే వచ్చేది. ఎక్కి కూర్చుంటే మిగతాదంతా గవ్వ చూసుకునేది. వాగు దగ్గర ఆగి నీళ్ళు తాగేది. బండ దగ్గర ముందుకాలితో తట్టి చూసి మరీ అడుగేసేది. వద్దనుకున్న చోట ఎంత అదిలించినా వెళ్ళేది కాదు, తర్వాత చూస్తే అక్కడ మట్టి కుంగి ఉండేది. దాని వీపుకు ఒక పక్క పలకల సంచి, ఇంకో పక్క పిల్లల మధ్యాహ్న భోజనానికి కోడిగుడ్లు. గుడ్డు పగిలిన రోజు లేదు.

ఇంత సవ్యంగా నడుస్తున్న వ్యవహారం ప్రభుత్వం దృష్టికి వెళ్ళకుండా ఎన్నాళ్ళని ఉంటుంది?

కాఫీ తోటల గురించి రాద్దామని వచ్చిన ఒక విలేకరి దారిలో వరహాలమ్మకు ఫొటో తీశాడు. మర్నాడు అది పత్రికలో వచ్చింది. కింద ‘గుర్రమెక్కి గురుతర బాధ్యత’ అని రాశారు. రాజధానిలో చాలా పెద్ద అధికారి ఒకాయన ఆ ఫొటో చూసి, చేతిలో కాఫీ చల్లారిపోయేదాకా చలించిపోయాడట. మధ్యాహ్నానికల్లా ‘అశ్వ అక్షర వాహిని’ అనే పథకం పుట్టింది. కొండబడుల ఉపాధ్యాయులందరూ ఇకపై గుర్రం మీదే బడికి వెళ్ళాలి. అందుకు నమూనాగా దబ్బపాడు బడిని ఎంచుకున్నారు.

పథకానికి ప్రత్యేకాధికారిగా వచ్చిన పూర్ణానందం గారు నిజాయితీపరులు. చదవని కాగితం మీద సంతకం పెట్టరు, చదివిన కాగితం తప్ప ఇంకోటి నమ్మరు. ఆయన పశువుల డాక్టరును వెంటబెట్టుకుని వరహాలమ్మ పెరట్లోకి వచ్చి, గవ్వ మూపు దగ్గర టేపు పెట్టించారు. మూపు ఎత్తు యాభై ఎనిమిది అంగుళాలుంటే గుర్రమనీ, తగ్గితే తట్టు అనీ డాక్టరు చెప్పాడు. గవ్వ సరిగ్గా ఒక అడుగు తగ్గింది.

“ఇది గుర్రం కాదమ్మా,” అన్నారు పూర్ణానందం గారు, ఇంట్లో మనిషి పోయిన వార్త చెప్పినంత మెల్లగా.

“తట్టుగుర్రమండీ. ఇక్కడ మేమంతా గుర్రమనే అంటాం.”

“వాడుకలో మనం చాలా అంటాం. ఉత్తర్వులో అశ్వము అని ఉన్నది. అశ్వమునకు ఎత్తు నిర్దేశించబడి ఉన్నది.”

“మరి ఇన్నాళ్ళూ నేను బడికి ఎలా వెళ్ళానండీ?”

పూర్ణానందం గారి నోట అబద్ధం రాదు.

“సాంకేతికంగా చూస్తే, నడిచి వెళ్ళారు.”

గుమ్మంలో కూర్చుని చింతపండు వలుస్తున్న అచ్చియ్యమ్మ తలెత్తింది. “నడిసింది గవ్వ గదా బాబూ.”

“దాని నడక పరిగణనలోకి రాదమ్మా,” అన్నారాయన.

నియమాలు చదివి వినిపించారు. రోజూ ఉదయం తొమ్మిదిన్నరలోగా టీచరు బడి ముందు గుర్రం మీద కూర్చుని ఫోనులో ఫొటో దిగాలి. గుర్రాన్ని ఫోనే గుర్తుపడుతుంది. గుర్తుపట్టకపోతే టీచరు గైర్హాజరు. ఒక నెలంతా అలా గైర్హాజరైతే ఉపాధ్యాయులు రాని బడి కింద లెక్కగట్టి, దబ్బపాడు బడిని రావికోన బడిలో కలిపేస్తారు.

ఈ చివరి మాట విన్నాక వరహాలమ్మకు ఆ పూట అన్నం సయించలేదు. దబ్బపాడు పెద్ద కొర్రా బుద్రన్నకు ఆ సంగతి చెబితే అతను వాగు వైపు చెయ్యి చూపించాడు.

“సిన్న పిల్లలు టీచరమ్మా,” అన్నాడు. “వాగు దాటి దిగలేరు. బడి కిందికెల్తే ఈళ్ళు మేకలెంట ఎల్తారు. మేమూ అలాగే ఎల్లినాం.”

రెండో తరగతిలో పాంగి సుక్రి అనే పిల్లకు అప్పుడప్పుడే ఒత్తులు పట్టుబడుతున్నాయి. పలక మీద ‘అమ్మ’ రాసి, మ కింద మ వేలాడుతుంటే చూసుకుని దాని మటుకు అదే నవ్వుకునేది. ఆ పిల్ల మేకల వెంట వెళ్ళడాన్ని వరహాలమ్మ ఊహించలేకపోయింది. గుర్రమైనా సరే, ఏనుగైనా సరే, ఎక్కుతానని పూర్ణానందం గారికి చెప్పింది.

టెండరు పిలిచి, నిబంధనల ప్రకారం అంగుళం తగ్గని గుర్రాన్ని పట్నం నుంచి లారీలో రప్పించారు. పేరు సుల్తాను. తెల్లగా, పొడుగ్గా, కాటుక పెట్టినట్టున్న కళ్ళతో పెళ్ళికొడుకులా దిగింది. రావికోన హైస్కూలు మైదానంలో దానికి దండ వేశారు. స్వారీ నేర్పడానికి జగ్గారాజు గారని పోలీసు గుర్రాల దగ్గర పనిచేసి రిటైరైన పెద్దమనిషిని పిలిపించారు. ఆ పది రోజులూ దబ్బపాడు బడికి తాళం. బడికి ఎలా వెళ్ళాలో నేర్చుకోవడానికి బడి మూయడంలో తప్పేమిటో అక్కడ ఎవరికీ తోచలేదు.

సుల్తాను మీదికి ఎక్కడానికి వరహాలమ్మకు బల్ల మీద స్టూలు వేయాల్సి వచ్చింది. ఎక్కాక కిందికి చూస్తే జగ్గారాజు గారి బట్టతల కనబడింది. వెన్ను నిటారుగా ఉంచాలన్నారు. మడమలు కిందికి నొక్కాలన్నారు. చూపు దూరంగా నిలపాలన్నారు. ఇన్నాళ్ళూ ఆమె గవ్వ చెవులకేసి చూస్తూ కూర్చునేది. అవి ముందుకు వాలితే దారి బాగున్నట్టు, వెనక్కి తిరిగితే బాగాలేనట్టు. జగ్గారాజు గారు అది గుర్రపుస్వారీ కాదన్నారు. తట్టును బతిమాలుకుంటారట, గుర్రానికి ఆజ్ఞ ఇస్తారట. ఆజ్ఞ అందేదాకా గుర్రం ఏమీ ఆలోచించదట. అదే దాని గొప్పతనమట.

ఆ సాయంత్రం నడుముకు కొబ్బరినూనె రాయించుకుంటూ వరహాలమ్మ, “తట్టెక్కితే నేల దగ్గర, అత్తా. గుర్రమెక్కితే దేవుడు దగ్గర,” అంది.

“మొక్కుకోడానికి బాగుంటాది,” అంది అచ్చియ్యమ్మ.

కానీ సుల్తాను ఎంత ఆజ్ఞాపించినా కదల్లేదు. మడమలు నొక్కినా, కళ్ళెం ఆడించినా, జగ్గారాజు గారు పోలీసు గొంతుతో కేకలు వేసినా స్తంభంలా నిలబడింది. నాలుగో రోజున మైదానం పక్కనుంచి ఎవరిదో పెళ్ళి ఊరేగింపు వెళ్ళింది. డ్రమ్ము మోగిందో లేదో సుల్తాను మెడ ఎత్తింది, తోక విసిరింది, కాళ్ళు లయగా వేసుకుంటూ నడక సాగించింది. నాలుగడుగులు వేసి ఆగింది. మళ్ళీ నాలుగడుగులు వేసి ఆగింది. పెళ్ళికొడుకు స్నేహితులు డాన్సు చేసుకోవడానికి ఎక్కడెక్కడ ఆగాలో అక్కడక్కడ ఆగింది. అది పుట్టిన దగ్గరనుంచీ పెళ్ళికొడుకుల్నే మోసిన గుర్రమని అప్పుడు అర్థమైంది.

మరొకరైతే గుర్రాన్ని తిప్పి పంపేవారు. పూర్ణానందం గారు దాని స్వభావాన్ని ‘శ్రవణ ప్రేరిత గమనము’ అని నమోదు చేసి, పథకంలో రెండు కొత్త ఉద్యోగాలు మంజూరు చేయించారు. డ్రమ్ముకు ఒకరు, సన్నాయికి ఒకరు. ఇద్దరినీ ధ్వని సహాయకులన్నారు.

మొదటిసారి కొండెక్కిన రోజున రావికోన అంతా రోడ్డు మీదికొచ్చి చూసింది. ముందు సన్నాయి, పక్కన డ్రమ్ము, వెనక గుర్రం మీద వరహాలమ్మ టీచరు, ఒళ్ళో కోడిగుడ్లు. ముసలమ్మలు అక్షింతలకోసం వెతుక్కున్నారు. వాగు దాకా బాగానే సాగింది. ఎత్తు మొదలయ్యాక సన్నాయి సింహాద్రికి ఆయాసం వచ్చింది. కొండ ఎక్కాలంటే ఊపిరి పీల్చాలి, సన్నాయి ఊదాలంటే వదలాలి. అతను రెండూ ఒకేసారి చేయబోయి, ఏదీ చాతకాక ఒక రాయి మీద కూలబడ్డాడు. పాట ఆగింది, గుర్రమూ ఆగింది. మళ్ళీ ఊదాడు, మళ్ళీ కదిలింది. వెదురు పొదల దగ్గర చూపు దూరంగా నిలిపిన వరహాలమ్మ మొహానికి కొమ్మ ఈడ్చి కొట్టింది. గవ్వ మీద వెళ్తే ఆ కొమ్మలు తల మీదుగా పోయేవి. గుడ్లన్నీ పగిలి సుల్తాను పక్కలు పచ్చగా కారాయి. ఆమె దిగి, మిగిలిన దూరం కుంటుకుంటూ నడిచి వెళ్ళి, బడి ముందు ఒంటరిగా ఫొటో దిగింది. ‘అశ్వము గుర్తించబడలేదు. ఉపాధ్యాయురాలు గైర్హాజరు’ అంది ఫోను.

మర్నాటి నుంచి ఆమె గవ్వ మీదే వెళ్ళింది. పాఠం చెప్పింది, గుడ్లు వండించింది, లెక్కలు దిద్దింది. రోజూ గవ్వ మీద కూర్చుని ఫొటో దిగింది. రోజూ ఫోను అదే మాట అంది. ఎక్కడో రాజధానిలో దబ్బపాడు పిల్లలు టీచరు లేకుండా పడి ఉన్నారు. ఇక్కడ వాళ్ళు ఎక్కాలు అప్పజెబుతున్నారు. వరహాలమ్మకు సంజాయిషీ తాఖీదు వచ్చింది. వచ్చానని ఆమె జవాబిచ్చింది. వచ్చినట్టు ఆధారం లేదని ఇంకో తాఖీదు వచ్చింది. ఊరివాళ్ళందరి చేతా సాక్ష్యం చెప్పిస్తానంది. గుర్రాన్ని ఫోను గుర్తించాలి గాని, టీచరును ఊరు గుర్తించినంత మాత్రాన చాలదని పూర్ణానందం గారు విచారంగా చెప్పారు.

ఆయన తన వైపునుంచి చేయగలిగింది చేస్తూనే ఉన్నారు. పై అధికారికి పంపిన నివేదికలో ‘అశ్వము దశలవారీగా పాఠశాలకు చేరుకొనుచున్నది’ అని రాశారు. అందులో అబద్ధమేమీ లేదు. రాజధానిలో పెద్ద అధికారి ‘చేరుకొనుచున్నది’ అన్న మాట మాత్రం చదువుకుని మళ్ళీ చలించిపోయాడు. ప్రత్యేకాధికారి స్వయంగా గుర్రమెక్కి బడికి వెళ్ళి, అక్కడినుంచి వీడియోలో కనబడాలని కబురు పెట్టాడు. అది నెలాఖరు రోజు. ఆ సాయంత్రంతో దబ్బపాడు బడి గడువు తీరిపోతుంది.

పూర్ణానందం గారు సఫారీ సూటు, టోపీ వేసుకుని స్టూలు మీదుగా సుల్తానును ఎక్కారు. ధ్వని సహాయకులు ఊపిరి కూడదీసుకుని మొదలుపెట్టారు. వెనకాల గవ్వ మీద వరహాలమ్మ, గుడ్లు. ఇదే ఆఖరి రోజేమోనని ఆమె ఆ పూట సంచిలో బలపాలు ఎక్కువ వేసుకుంది.

వెదురు పొదల దగ్గర టోపీ పోయింది. బండ దగ్గర సుల్తాను నిలబడిపోయింది. ఎంతైనా పెళ్ళిళ్ళకు బండల మీదుగా ఊరేగరు. గట్టిగా వాయించమని పూర్ణానందం గారు ఆజ్ఞ ఇచ్చారు. సింహాద్రి కళ్ళు తేలేసి ఊదాడు. డ్రమ్ము దద్దరిల్లింది. అప్పుడు సుల్తాను, అంత ఘనంగా వాయిస్తున్నారంటే పెళ్ళివారి గుమ్మం వచ్చేసిందనుకుందో ఏమో, ఆ నున్నటి బండ మీద ముందుకాళ్ళు ఎత్తి ఎత్తి వేస్తూ నాట్యం మొదలుపెట్టింది. పూర్ణానందం గారు దాని మెడను రెండు చేతులతో కౌగలించుకున్నారు.

“ఆపండయ్యా,” అన్నారు. ఆ గొంతులో ఉద్యోగం ఏమాత్రం లేదు.

ఆపారు. సుల్తాను మళ్ళీ స్తంభమైంది. వాయిస్తే ఆడుతుంది, ఆపితే కదలదు. డ్రమ్ము మనిషి డ్రమ్ము కింద పెట్టి చేతులు చాపితే, ప్రత్యేకాధికారి ఆ చేతుల్లోకి జారారు. వీడియోకు వేళవుతోంది. నేల మీద నిలబడ్డాక ఆయన ఎంత పెద్ద అధికారి అయినా వరహాలమ్మ కంటే పొట్టిగానే ఉన్నారు. ఆయన కొండకేసి చూశారు, వాచీకేసి చూశారు, చివరికి గవ్వకేసి చూశారు.

వరహాలమ్మ గవ్వ మీదినుంచి దిగింది.

“ఎక్కండి సార్. నేను నడుస్తాను. నాకు అలవాటే కదండీ, సాంకేతికంగా.”

గవ్వ ఆయన్ని ఓసారి వాసన చూసి, పెద్దగా అభ్యంతరం లేనట్టు కదిలింది. బండను కాలితో తట్టింది. ఆజ్ఞ ఇవ్వడానికి ఆయన నోరు తెరిచేలోపే దాటేసింది. దబ్బపాడులో పిల్లలు “గవ్వొచ్చింది” అంటూ ఎదురొచ్చి, దాని మీద టీచరుకు బదులు ఎవరో ఉండడం చూసి నిరుత్సాహపడ్డారు.

వీడియోలో పెద్ద అధికారి కనబడ్డాడు. పూర్ణానందం గారు వెన్ను నిటారుగా, చూపు దూరంగా నిలిపారు.

“పూర్ణానందం, గుర్రం చిన్నదిగా కనబడుతోందేం?”

“ఎత్తైన ప్రదేశం సార్. ఇక్కడ అన్నీ అలాగే కనబడతాయి.”

“అలాగా. అద్భుతం,” అని పెద్ద అధికారి కళ్ళు తుడుచుకుని మాయమైపోయాడు.

పూర్ణానందం గారు తేలిగ్గా నిట్టూర్చి, పథకం ప్రకారం తమ హాజరు కోసం ఫోను ముందు పెట్టుకుని ఫొటో దిగారు. ‘అశ్వము గుర్తించబడలేదు’ అంది ఫోను. ‘ప్రత్యేకాధికారి గైర్హాజరు.’

మళ్ళీ దిగారు. ఫోను మాట మార్చలేదు. గవ్వను ఎత్తు మీద నిలబెట్టి దిగారు. బడి అరుగెక్కించి దిగారు. సుక్రి ముందుకొచ్చి గవ్వ మెడ కిందినుంచి తొంగి చూస్తే పిల్లతో సహా దిగారు. ఫోను కూడా నిజాయితీ గలదే, చదివింది తప్ప ఇంకోటి నమ్మదు. వెనకాల రొప్పుతూ వచ్చిన వరహాలమ్మ అరుగు మీద కూర్చుని మోకాళ్ళు నొక్కుకుంటూ అంతా చూసింది.

“మీరు రాలేదనే వస్తోందా సార్?” అని అడిగింది. ఆమె గొంతులో నిజంగానే జాలి ఉంది. “మరి పెద్దసారుకు కనబడ్డారే. ఎలా వచ్చారని రాయమంటారు? నడిచి వచ్చారని రాస్తే వీడియో అబద్ధమవుతుంది. గుర్రం మీద వచ్చారని రాస్తే, నేనూ ఈ నెలంతా వచ్చినట్టే కదండీ.”

బుద్రన్న పూర్ణానందం గారికి మంచినీళ్ళిచ్చాడు. పిల్లలు రెండో ఎక్కం అందుకున్నారు. అది పూర్తయ్యేసరికి ఆయన జేబులోంచి కలం తీశారు. ఆయన మొహంలో చిక్కుముడి విప్పినవాడి వెలుగు కనబడింది. పెద్ద ఉద్యోగి సెలవులో ఉంటే చిన్న ఉద్యోగి ఆ కుర్చీలో కూర్చోవడం లేదా? ఆయనే మూడు కుర్చీలకు ఇన్‌ఛార్జి.

ఉత్తర్వు అక్కడే, అరుగు మీదే రాశారు. ‘దబ్బపాడు పాఠశాలకు మంజూరైన అశ్వము అనివార్య కారణములచే బండవద్ద ఉన్నందునను, సదరు స్థానమును ఖాళీగా ఉంచుట ప్రజాహితము కానందునను, గవ్వ అను తట్టును పూర్తి అదనపు బాధ్యతలతో ఇన్‌ఛార్జి గుర్రముగా నియమించడమైనది. ఈ ఉత్తర్వు నెల మొదటి తేదీనుండి వర్తించును. సదరు తట్టు రెండు సంవత్సరముల ప్రొబేషన్ కాలములో, లోటుగా ఉన్న ఒక అడుగు ఎత్తును సాధించుకొనవలెను.’

ఫోనుకు కూడా ఈ విషయం ఎక్కించారు. ఆ రోజు నుంచి అది గవ్వను చూసి కిమ్మనలేదు. దబ్బపాడు బడి దబ్బపాడులోనే ఉండిపోయింది.

సుల్తానును దింపడానికి వేరే ఉపాయం లేక, సన్నాయినీ డ్రమ్మునూ వాగు దగ్గరికి పంపి అక్కడినుంచి వాయింపించారు. పాట దిగువన ఉందని తెలిశాక అది వెనక్కి వెనక్కి అడుగులేసుకుంటూ దిగింది. ఇప్పుడు మండలాఫీసు ఆవరణలో జీతభత్యాలతో ఉంటోంది. ముహూర్తాలున్న రోజుల్లో డిప్యుటేషన్ మీద వెళ్ళి వస్తుంది. ధ్వని సహాయకుల ఉద్యోగాలు గుర్రం పోస్టుతో ముడిపడినవి కాబట్టి వాళ్ళు రోజూ గవ్వ వెంట కొండెక్కాలి. మొదటి రోజే గవ్వ డ్రమ్మును వెనక్కాలితో తన్నింది. అప్పటినుంచి వాళ్ళు తమ విధులను నిశ్శబ్దంగా నిర్వర్తిస్తున్నారు.

మూడు నెలలయ్యాక పశువుల డాక్టరు ప్రొబేషన్ పురోగతి చూడడానికి టేపుతో వచ్చాడు. గవ్వ ఎదగలేదు. ఉలవలు మాత్రం బాగా తిని అడ్డంగా కాస్త పెరిగింది. దానికి కాగితంలో గడి లేదట. డాక్టరు వెళ్ళాక వరహాలమ్మ వంటింట్లో పీట మీద దిగులుగా కూర్చుంది. రెండేళ్ళంటే ఇట్టే గడిచిపోతాయనీ, అప్పుడు మళ్ళీ మొదటికి వస్తుందనీ, అడుగు ఎత్తు ఎక్కడనుంచి తేవాలనీ అత్త దగ్గర వాపోయింది.

“దానికెందుకే అంత బెంగ,” అంది అచ్చియ్యమ్మ, కొడుకు కంచంలో పెరుగు వేస్తూ. “మీ పెళ్ళికి మీవోళ్ళూ అడిగినారు. పిల్లోడు పొట్టిగున్నాడేటని. ఎదిగే వయసు, ఎదుగుతాడని సెప్పి సేసినాం. ఎదిగినాడేటి? సంసారం నడవనేదేటి?”

గౌరునాయుడు పెరుగన్నంలోంచి తల ఎత్తలేదు. అటక మీది ఆవకాయ జాడీ దించమని మాత్రం అడిగాడు.

వరహాలమ్మ లేచి దించింది.